కంచు కంచం, భాగ్యక్క ఫ్రీ త్రో

కంచం జోగమ్మది, మోత నరసింగరావుది. భిలాయి ఉక్కు ప్లాంటు పక్కనున్న క్యాంప్ 1 పేటలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. పెళ్ళైన కొత్తలో పుట్టింటివారు సారెలో పెట్టిన కంచు కంచాన్ని ఆవిడ అటక మీద దాచుకుంటే, బాస్కెట్‌బాల్ పోటీలు మొదలవగానే ఆయన దాన్ని దింపి, ఒక ఇనప గరిటె పట్టుకుని కోర్టుకి పోయేవాడు. ఇప్పుడా కంచం నిండా సొట్టలే. అందులో అన్నం వడ్డిస్తే పులుసంతా ఒక మూలకి జారిపోతుంది.

కోర్టు దగ్గర క్యాంపు వాళ్ళకి ఒక పద్ధతుంది. ఎవరింటి కంచం వాళ్ళు తెచ్చుకుని తూర్పు మెట్ల మీద కూర్చుంటారు. ఎదుటి జట్టు పిల్లకి ఫ్రీ త్రో వచ్చిందనుకోండి. అంటే ఫౌల్ జరిగినందుకు, ఎవరూ అడ్డం రాకుండా గీత దగ్గర నిలబడి రింగులోకి బంతి వేసుకునే వీలు దొరికిందనుకోండి. అప్పుడు నరసింగరావు మొదటి దెబ్బ కొడతాడు. ఆ వెంటనే మెట్లన్నీ మోగిపోతాయి. అదే ఫ్రీ త్రో మన పిల్లకి వస్తే ఆయన గరిటె నిటారుగా పైకెత్తుతాడు. అంతే. చంటిపిల్లల నోటికి తల్లులు చెయ్యి అడ్డం పెట్టేస్తారు. బంతి రింగుని తాకేదాకా ఒక్క గాజు కూడా గలగలమనదు.

ఆ గరిటె ఇప్పుడు అమ్ము ఒళ్ళో ఉంది.

"రేపు నువ్వే కొట్టాల," అన్నాడు తాత నరసింగరావు. ఆయన కుడి భుజం పదిహేను రోజులుగా బిగుసుకుపోయి ఉంది. సైకిల్ మీంచి పడ్డాడు. పడలేదని, సైకిలే పడిందని ఆయన వాదన. మూడు ఆటల ఫైనల్స్‌లో మొదటి రెండింటికీ ఎడంచేత్తో కొట్టాడు గాని, ఆ మోత ఆయనకే నచ్చలేదు. "ఎడంచేత్తో కొడితే పెళ్ళివారి వంటలో పప్పు కలిపినట్టుంది," అని గొణుక్కున్నాడు.

అమ్ము గరిటె కాడని వేళ్ళతో తడుముతూ కూర్చుంది. పదిహేనేళ్ళ పిల్ల. టెక్కలి దగ్గర పల్లెలో బడి ఉన్నంత మేర చదివి, పైచదువుకని రెండేళ్ళ కిందట తాతా అమ్మమ్మల దగ్గరికి భిలాయి వచ్చింది. మాట తక్కువ. పల్లెలో తెలుగులోనే తక్కువ మాట్లాడేది, ఇక్కడ అందరూ హిందీ మాట్లాడుతుంటే ఉన్న కాస్త మాటా గొంతులోనే ఉండిపోయింది. క్యాంపు మెట్ల మీద కూర్చోబెడితే, మొదటిరోజు తన కంచాన్ని ఎవరికీ వినపడకుండా కొట్టింది. కంచానికి నొప్పి పుడుతుందేమో అన్నట్టు.

ఇంకొకప్పుడైతే గరిటె చేతికొచ్చినందుకు ఆ పిల్ల పొంగిపోయేది. మెట్ల మీద అంతకంటే పెద్ద పదవి లేదు. కాని రేపటి ఆట సెక్టర్ 7తో. సెక్టర్ 7 తరఫున ఆడేది భాగ్యక్క.

భాగ్యరేఖ పుట్టింది, పెరిగింది ఈ సందులోనే, మూడిళ్ళ అవతల. నీళ్ళ టాంకు స్తంభానికి ఇనప చువ్వని వంచి రింగు బిగించి, ఆ పిల్లకి మొదట బంతి పట్టుకోవడం నేర్పింది నరసింగరావే. రోలింగ్ మిల్లులో డ్యూటీ దిగి వచ్చి, మొహమైనా కడుక్కోకుండా సందులో నిలబడేవాడు. ఆ పిల్ల బంతి వేస్తుంటే వెనకాల నిలబడి ఈ కంచు కంచాన్నే చెవులు చిల్లులు పడేలా కొట్టేవాడు. "ఈ మోతలో వెయ్యగలిగితే ఎక్కడైనా వేస్తావే గుంటా," అనేవాడు. పదేళ్ళు తిరిగేసరికి ఆ గుంట క్యాంప్ 1 జట్టుకి కెప్టెన్ అయింది. ఫ్రీ త్రో వచ్చినప్పుడల్లా గీత దగ్గర నిలబడి, కుడి అరచెయ్యి నిక్కరుకి తుడుచుకుని, తూర్పు మెట్లకేసి ఒకసారి చూసేది. గరిటె పైకి లేచిందని చూసుకున్నాకే బంతి వేసేది.

పోయిన దసరాకి వాళ్ళ నాన్న మనోహర్‌కి సెక్టర్ 7లో క్వార్టర్ వచ్చింది. ఏ పేటలో ఉంటే ఆ పేట జట్టుకే ఆడాలని టౌన్‌షిప్ పోటీల్లో నియమం. సామాను వ్యానెక్కించిన రోజున భాగ్యరేఖ చెప్పి వెళదామని ఇంటికొస్తే తాత లేడు. ఎక్కడికి పోయాడో జోగమ్మకి తెలుసు. వెనకవీధిలో, టీ కొట్టు దగ్గర, చల్లారిన టీ గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. వ్యాను వెళ్ళిపోయిందని తెలిశాకే ఇంటికొచ్చాడు.

అమ్ముకి మాత్రం అక్క వెళ్ళిపోవడమంటే, భిలాయిలో తను తడబడుతూ మాట్లాడినా నవ్వని ఒకే ఒక్క మనిషి వెళ్ళిపోవడం. తనకి హిందీ నేర్పింది భాగ్యక్కే. అదీ పుస్తకంలోంచి కాదు. "మెట్ల మీంచి గట్టిగా షాబాష్ అను చాలు, మిగతాది అదే వస్తాది," అంది. అలాగే అంది అమ్ము. మిగతాది కొంచెం కొంచెంగా వచ్చింది.

మొదటి ఆట సెక్టర్ 7 గెలిచింది. రెండోది క్యాంపు గెలిచింది. ఆ రెంటిలోనూ భాగ్యరేఖకి ఒక్క ఫ్రీ త్రో కూడా రాలేదు. రేపటి ఆటతో కప్పు ఎవరిదో తేలిపోతుంది.

ఆ సాయంత్రం వరండాలో పంచాయితీ మళ్ళీ మొదలైంది. రోజూ జరిగేదే. తాత కొడుకు, అంటే అమ్ము మావయ్య సూర్యప్రకాష్, అమెరికా ఆటల పిచ్చోడు. అతను ఒక ఆటగాణ్ణి నమ్ముకున్నాడు. ఆ ఆటగాడు జట్టు మారినప్పుడల్లా ఇతనూ మారతాడు. పవర్ హౌస్ బజారులో కొన్న బనీన్లు మూడున్నాయి. రంగులు వేరు, నంబరు మాత్రం ఒకటే.

"ఒరే సూరీ, బట్టలు మార్చినట్టు జట్లు మారుస్తావేట్రా," అన్నాడు నరసింగరావు.

"నేను మార్చలేదు నాన్నా, ఆయన మార్చాడు. నేను ఆయనతో ఉన్నాను. ఎవడి ఆట చూసి మనసు పారేసుకున్నామో వాడితోనే ఉండాల."

"మరి ఆయన ముసలాడై ఆట మానేస్తే?"

"అప్పుడు నేనూ మానేస్తాను. ఇద్దరం కలిసి రిటైరైపోతాం."

గేటు దగ్గర ఆటో ఆపుకుని, బలరాం లోపలికొచ్చాడు. పవర్ హౌస్ స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు. తెలుగువాడే గాని పుట్టింది ఇక్కడే, మాటలో సగం హిందీ. మెట్ల మీద తాత పక్క చోటు అతనిది. "కాకా కరెక్ట్. ప్లేయర్లు ఆతే హై, జాతే హై. వస్తారు, పోతారు. టీమే అసలు. బస్."

"అలగా," అన్నాడు సూర్యప్రకాష్. "నీకు గెడ్డం గీసే రాంలాల్ ఈ సందులో దుకాణం ఎత్తేసి పవర్ హౌస్ పోయాడు కదా. మరి నువ్వు ఈ సందులోనే ఇంకొకడి దగ్గర గీయించుకోవాల్సింది. వాడెనకాల అంతదూరం ఎందుకు పోతున్నావు?"

బలరాం గెడ్డం తడుముకున్నాడు. "అరే భాయ్, గెడ్డం వేరు, గేమ్ వేరు."

"ఏం వేరు? చెయ్యి తెలిసినోడి దగ్గరికే కదా పోయావు!"

లోపల అంబలికి చోడి పిండి, అంటే రాగిపిండి, కలుపుతున్న జోగమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఇంతకీ ఈయనేటి? పుట్టిన ఊరి జట్టులోనే ఉండిపోయాడేటి? ఇరవయ్యేళ్ళకే రైలెక్కి ఇక్కడికొచ్చి క్యాంపు వాడైపోయాడు. ఊళ్ళో వాళ్ళెవరైనా కంచాలు కొట్టారేటి ఈయన మీద?"

సూర్యప్రకాష్ పడీపడీ నవ్వాడు. నరసింగరావుకీ నవ్వొచ్చింది గాని మీసం కింద దాచేశాడు. "నేను ఊళ్ళో కబడ్డీ బాగా ఆడుంటే కొట్టేవారే. ఆడలేదు గనక వదిలీసారు," అన్నాడు. ఆ తర్వాత అమ్ము వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవే. నువ్వెటు?"

అమ్ము తల వంచుకుంది. "నాకు తెలీదు తాతా."

"తెలీకపోతే ఎలగ? చూడమ్మా. నాకు ఆ గుంట మీద కోపమేటీ లేదు. క్వార్టరొచ్చింది, వెళ్ళారు. మంచిదే. కాని ఈ మెట్ల మీద కూర్చున్నోళ్ళు జట్టుకి మాటిచ్చినోళ్ళు. నీకు మనసొప్పకపోతే ఇప్పుడే చెప్పు, రేపు పడమటి మెట్ల మీద వాళ్ళతో కూర్చో. నేనేమీ అనుకోను. అంతేగాని గరిటె చేతిలో పెట్టుకుని మెల్లగా కొట్టడం నాకు గిట్టదు. కొడితే కొట్టాల, లేపోతే గరిటె ఇచ్చీయాల."

అమ్ము గరిటె ఇవ్వలేదు. కొడతాననీ అనలేదు. కొడితే అక్క ముఖం మళ్ళీ ఎలా చూడటం? ఇచ్చేస్తే తాత, ఏమీ అనుకోనన్న ఆ తాత, చల్లారిన టీ ముందు ఇంకోసారి కూర్చుంటాడు. గరిటెని అలాగే ఒళ్ళో పెట్టుకుని, చీకటి పడేదాకా బలరాం ఆటోకేసి చూస్తూ ఉండిపోయింది.

పొద్దున్నే జోగమ్మ అమ్ము చేతికి స్టీలు క్యాను అందించింది. "చోడి అంబలి. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ విడిగా కట్టాను. ఆట ఉన్నరోజు పొద్దున్న ఇది తాగకుండా భాగ్య ఎప్పుడైనా ఆడిందేటి? తాతకి చెప్పకు."

"అమ్మమ్మా, ఫైనల్స్ అయ్యేదాకా అటూ ఇటూ పోకూడదని కదా మెట్ల మీద మాట!"

"నేను మెట్ల మీద కూర్చోనుగా," అంది జోగమ్మ. "ఆ మాటలు నాకు వర్తించవు."

సూర్యప్రకాష్ బండి మీద తీసుకెళ్ళాడు. దారంతా హుషారే. "చూశావా, మీ అమ్మమ్మ నా పార్టీ," అన్నాడు. సెక్టర్ 7 వీధులు వెడల్పుగా, ఇళ్ళు ఎడమెడంగా ఉన్నాయి. ఇక్కడ సందులో నిలబడి కంచం కొడితే ఎంతమందికి వినపడుతుందా అని అమ్ముకి అనుమానం వచ్చింది.

భాగ్యరేఖ తలుపు తీసి, క్యాను చూసి, మూత తీసి వాసన చూసింది. "అమ్మమ్మ మజ్జిగ పుల్లగా వేసింది," అంది. గ్లాసు కోసం కూడా ఆగలేదు, గుమ్మంలోనే నిలబడి సగం క్యాను తాగేసింది. మూతికంటిన అంబలిని మోచేత్తో తుడుచుకుని, "అయితే గరిటె నీకిచ్చాడటగా?" అంది.

"నీకెవరు చెప్పారు?"

"మీ మావయ్య ఫోన్లో స్టేటస్ పెట్టాడు. 'నేటి తార మా అమ్ము' అని."

అమ్ము గేటు బయట బండి మీద కూర్చున్న మావయ్యని కొరకొరా చూసింది. అతను ఆకాశంలోకి చూడ్డం మొదలుపెట్టాడు.

"అక్కా," అంది అమ్ము. "నీ మీద నేనెలా కొట్టను?"

భాగ్యరేఖ క్యాను కింద పెట్టింది. "పాగల్. గట్టిగా కొట్టు. మెల్లగా కొడితే నాకు తెలిసిపోద్ది. ఆ కంచం చప్పుడు నాకంటే ఎక్కువ తెలిసినోళ్ళెవరు? నా చిన్నప్పుడంతా అదే కదా నా చెవుల్లో. మోత ఉంటే నాకు చెయ్యి వణకదు. నాకు ఎదుట్నుంచి మీరందరూ కొడుతున్నారంటే, సరే, ఆట అనుకుంటాను. కొట్టకపోతేనే..." ఆగింది. "తాత ఏవన్నా అంటాడా నా గురించి?"

"కోపమేటీ లేదంటాడు."

"అంటే ఉందన్నమాట," అంది భాగ్యరేఖ. క్యానుని కడిగి, తుడిచి, ఖాళీగా పంపకూడదని నాలుగు అరటిపళ్ళు వేసి ఇచ్చింది. "మాటివ్వు. గట్టిగా."

అమ్ము తల ఊపింది. అటు తాత, ఇటు అక్క, ఇద్దరూ కొట్టమనే అన్నారు. అయినా దారి పొడుగునా మనసు తేలిక కాలేదు. కొట్టమని చెప్పడం వేరు, నిజంగా మోగించాక అక్క కళ్ళల్లో ఏముంటుందో అది వేరు.

సాయంత్రానికి క్యాంపు కోర్టు చుట్టూ గోడలెక్కి కూడా కూర్చున్నారు. తూర్పు మెట్ల మీద క్యాంపు, పడమటి మెట్ల మీద సెక్టర్ 7. వాళ్ళకి కంచాలుండవు, చప్పట్లే. ముందు వరసలో సెక్టర్ 7 జట్టు పెద్ద గురుమూర్తిగారు, ప్లాంటులో ఆఫీసరు, ఇస్త్రీ చొక్కాలో కూర్చున్నారు. అమ్ము తాత పక్కన, కంచు కంచం మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది. మావయ్య మూడు బనీన్లలో ఏది వేసుకోవాలో తేలక మామూలు చొక్కాలో వచ్చాడు.

ఆట మొదలైంది. సెక్టర్ 7లో వేరే పిల్లకి ఫ్రీ త్రో వచ్చినప్పుడు అమ్ము మొదటి దెబ్బ వేసింది. కంచం ఖంగుమంది. వెనక వరసలన్నీ మోగాయి. ఆ పిల్ల రెండూ పోగొట్టుకుంది. బలరాం అమ్ము వీపు మీద తట్టి, "వాహ్ బిటియా!" అన్నాడు. తాత ఆమె మోకాళ్ళ మధ్యనున్న కంచాన్ని ఇంకాస్త సర్దాడు. భాగ్యరేఖకి మాత్రం ఫ్రీ త్రో రాలేదు. రాకుండానే ఆట అయిపోతే బాగుణ్ణు అని అమ్ము లోలోపల అనుకుంటూనే ఉంది.

అలా జరగలేదు. చివరి నిమిషంలో క్యాంపు రెండు పాయింట్లు ముందుంది. భాగ్యరేఖ బంతి పట్టుకుని ఇద్దరి మధ్యలోంచి దూసుకెళ్ళి రింగు దగ్గర పైకెగిరింది. క్యాంపు పిల్ల చెయ్యి ఆమె మోచేతికి తగిలింది. రిఫరీ విజిల్ వేశాడు. రెండు ఫ్రీ త్రోలు, ఒక్కోదానికి ఒక్కో పాయింటు. రెండూ పడితే సమానం.

అమ్ము గరిటె ఎత్తింది. కంచం అంచున అక్క ఉన్నట్టే అనిపించింది. అయినా మాటిచ్చింది. కొట్టడానికి ఊపిరి తీసుకుంది.

భాగ్యరేఖ గీత దగ్గర నిలబడింది. కుడి అరచెయ్యి నిక్కరుకి తుడుచుకుంది. తూర్పు మెట్లకేసి చూసింది. చూడాలని చూసినట్టు లేదు, తల దానంతటదే తిరిగినట్టుంది.

అప్పుడు నరసింగరావు ఎడం చెయ్యి లేచింది. ఖాళీ చెయ్యి, నిటారుగా, వేళ్ళు ఆకాశంలోకి.

క్యాంపు మెట్లు ఆగిపోయాయి. ఎత్తిన గరిటెలు ఎత్తినట్టే ఉండిపోయాయి. బలరాం తన కంచాన్ని పొట్టకి అదుముకున్నాడు. వెనకెక్కడో ఏడవబోయిన పిల్లాడి నోటికి తల్లి చెయ్యి అడ్డం పెట్టింది. ఇన్నేళ్ళూ ఆ పిల్ల అలా చెయ్యి తుడుచుకున్నప్పుడల్లా ఏం చేశారో, వందమందీ అదే చేశారు. ఎవరి పిల్లో, ఎవరి జట్టో ఒక్కరికీ తట్టలేదు. అవతల సెక్టర్ 7 వాళ్ళు తమ పిల్ల కోసం ఎలాగూ నోరు మూసుకునే ఉన్నారు. కోర్టంతటిలో పైన తిరుగుతున్న దీపపు పురుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

భాగ్యరేఖ ఆ చేతికేసి చూస్తూ ఉండిపోయింది. రిఫరీ తొందరపెట్టాక బంతి వేసింది. అది రింగుకి మూరెడు ముందే కిందపడింది. చిన్నపిల్ల వేసినట్టు.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత బలరామే ముందు తేరుకున్నాడు. "కాకా! యే క్యా కియా! ఇదేం పని! ఆమె వాళ్ళ పిల్ల!"

నరసింగరావు తన ఎడం చేతిని, ఎవరో తెచ్చి తగిలించిన చెయ్యిలా చూసుకున్నాడు. దాన్ని మెల్లగా దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. అవతల పడమటి మెట్ల మీద గోల లేచింది. గురుమూర్తిగారు లేచి నిలబడి హిందీలో అరుస్తున్నారు. చాలాకీ, చాలాకీ అన్న మాట అమ్ముకి తెలిసింది. క్యాంపు వాళ్ళు కావాలనే ఎత్తు వేశారని, పాత మనిషితో చెయ్యెత్తించి పిల్లని బెదరగొట్టారని.

కోర్టులో భాగ్యరేఖ రెండో బంతి చేతిలోకి తీసుకుంది. ముఖం కిందకి ఉంది. భుజాలు కదులుతున్నాయి.

"అమ్మూ," అన్నాడు తాత. "కొట్టవే. చెవులు పగిలిపోవాల."

అమ్ము కొట్టింది. అంతకుముందు కొట్టినవన్నీ ఆ దెబ్బ ముందు గాజుల చప్పుడే. కంచు కంచం కొత్తగా ఇంకో చోట సొట్టపోయింది. మళ్ళీ కొట్టింది. మెట్లన్నీ అందుకున్నాయి. ఆ మోతలో ఎలాగూ ఎవరికీ వినపడదనుకుందో ఏమో, ఆ పిల్ల నోరు తెరిచి, "భాగ్యక్కా! షాబాష్!" అని అరిచింది. ఒక చేత్తో ఆమె మీద కంచం మోగిస్తూ, నోటితో ఆమెనే పిలుస్తూ, అలా ఎందుకు చేస్తోందో తనకే తెలియకుండా అరిచింది.

భాగ్యరేఖ తల ఎత్తింది. మోచెయ్యి లోపలికి, మణికట్టు మెత్తగా. బంతి రింగు అంచునైనా తాకకుండా వలలోంచి జారింది.

ఇక ఒక్క పాయింటే తేడా. మిగిలిన కాస్త సమయమూ క్యాంపు పిల్లలు బంతిని ఒకరికొకరు అందిస్తూ గడిపేశారు. సెక్టర్ పిల్లలు ఫౌల్ చేసైనా ఆపుదామని వెంటపడ్డారు గాని ఒక్కరూ చేతికి చిక్కలేదు. ఆఖరి విజిల్ మోగింది. కప్పు క్యాంప్ 1ది.

తూర్పు మెట్ల మీంచి జనం కోర్టులోకి ఉరికారు. బలరాం కంచాన్ని తలమీద బోర్లించుకుని గెంతుతున్నాడు. నరసింగరావు మాత్రం లేవలేదు.

"నాన్నా, గెలిచాం," అన్నాడు సూర్యప్రకాష్.

"వాళ్ళు ఎత్తు వేశామంటున్నార్రా," అన్నాడు ఆయన. "ఆ గుంట కూడా అలగే అనుకుంటే? నేను తనని కావాలని..." మాట పూర్తి కాలేదు. "ఏ ముఖం పెట్టుకుని అటు పోను?"

అమ్ము లేచింది. కంచం ఒక చేతిలో, గరిటె ఒక చేతిలో. గెంతుతున్న వాళ్ళ మధ్యలోంచి కోర్టు దాటింది. ఇన్ని ఆటల్లో ఆ పక్కకి ఎప్పుడూ పోలేదు. పడమటి మెట్ల దగ్గర గురుమూర్తిగారు ఇంకా చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నారు. భాగ్యరేఖ కింది మెట్టు మీద తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. అందరూ అమ్ము కేసి చూశారు. ముఖ్యంగా గరిటె కేసి.

తెలుగులో అంటే ఆయనకి తెలుస్తుంది, ఆయనా తెలుగువారే. కాని వెనకాల ఉన్నవాళ్ళందరికీ తెలియాలి. అమ్ము హిందీలోనే అంది.

"చాల్ నహీ థీ, అంకుల్." గొంతు సన్నగా వచ్చింది. ఇంకోసారి, కాస్త గట్టిగా అంది. "ఆదత్ థీ."

ఎత్తుగడ కాదు, అలవాటు. అంతకంటే హిందీ ఆ సమయానికి ఆమెకి దొరకలేదు. గురుమూర్తిగారి చేతులు గాలిలో ఆగాయి. ఆయన భాగ్యరేఖ వైపు చూశారు.

తువ్వాలు వెనకనుంచి నవ్వు వినిపించింది. ముక్కు చీదుతూ నవ్వుతోంది. "నిజమే అంకుల్," అంది భాగ్యరేఖ. "ఆయనకి ఎత్తులు రావు. వచ్చుంటే క్యాంపు ఇన్నేళ్ళలో ఇంకో రెండు కప్పులు గెలిచేది." అమ్ముని దగ్గరికి లాక్కుంది. "నాకు ఆ చెయ్యి కనబడగానే... నేను ఎటు ఆడుతున్నానో మర్చిపోయానే. ఎదర రింగు కూడా కనబడలేదు."

"అక్కా, నేను గట్టిగానే కొట్టాను."

"విన్నాను. షాబాష్ కూడా విన్నాను. గరిటె పట్టుకున్న మనిషి అలా అరవకూడదు తెలుసా, రూల్ తప్పావు," అంటూ లేచింది. "పద. ఫైనల్స్ అయిపోయాయిగా, ఇక అటు పోవచ్చు."

ఇద్దరూ కోర్టు దాటి వస్తుంటే నరసింగరావు చూశాడు. లేవబోయి, కూర్చుని, మళ్ళీ లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. భాగ్యరేఖ ఎదురుగా వచ్చి నిలబడితే, ఆ పిల్ల కళ్ళల్లోకి చూడకుండా మోచేతికేసి చూశాడు.

"మొదటిది వేసినప్పుడు మోచెయ్యి బయటికి పోయింది," అన్నాడు.

"మీరు చెయ్యెత్తారు కదా తాతా."

"చెయ్యెత్తితే వెయ్యాల గాని, వదిలీడమేటి? అదేనా నేను నేర్పింది? పదేళ్ళ గుంటలు కూడా అంత పొట్టిగా వెయ్యరు."

"మరి వేసుంటే మీకు కప్పు ఎలగొచ్చేది?"

ఆయన ఎడం చేత్తో ఆ పిల్ల తల మీద ఒక మొట్టికాయ వేశాడు. ఆ చెయ్యి అక్కణ్ణుంచి వెంటనే తియ్యలేదు.

"ఇప్పుడు చెప్పు నాన్నా," అన్నాడు సూర్యప్రకాష్, సమయం దొరికిందే చాలని. "జట్టా, ఆటగాడా? నీ చెయ్యి చెప్పేసింది కదా అందరి ముందూ."

"నోరు ముయ్యరా. నా చెయ్యి నీ పార్టీ. మిగతా నేనంతా క్యాంపు పార్టీ."

బలరాం తలమీది కంచం తీసి, "అంటే కాకా, వచ్చే ఏడు మీ చేతులు రెండూ కట్టేసి కూర్చోబెడతాం," అన్నాడు. మెట్లన్నీ నవ్వాయి.

ఇంటికి వెళ్ళేసరికి జోగమ్మ గుమ్మంలో ఉంది. భాగ్యరేఖని చూసింది, లోపలికెళ్ళి ఇంకో గ్లాసు అంబలి తెచ్చింది. నరసింగరావు ఆ గ్లాసుకేసీ, పొయ్యి పక్కన ఎండుతున్న స్టీలు క్యానుకేసీ, అందులోంచి తీసి పెట్టిన అరటిపళ్ళకేసీ చూశాడు. ఏదో అర్థమై తల ఊపాడు. ఒక అరటిపండు తీసుకుని తొక్క వలిచాడు.

జోగమ్మ కంచాన్ని దీపం కింద పెట్టి తిప్పి చూసింది. కొత్త సొట్ట మీద వేలు పెట్టింది. "ఇది ఈయన కొట్టింది కాదు. ఈయన సొట్టలు నాకు తెలుసు. ఎవరిదిది, ఇంత లోతుగా?"

"నాదే అమ్మమ్మా," అంది అమ్ము.

ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే, అంబలి తాగుతున్న భాగ్యరేఖకి పొలమారింది.